కాకి ముట్టిన ముక్క

ఇప్పుడు తిన్నవాళ్లెవరూ అభిప్రాయం రాయనక్కర్లేదు. అందరి మెడ మీదా ఉండే బిళ్ల మనసును చదివి ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు వేస్తుంది. అవి మా పిజ్జా కొట్టు గోడమీద వెలుగుతాయి. దుఃఖంతో తిన్నా రుచి నచ్చలేదనే లెక్క. అందుకే ఏడ్చిన కళ్లతో వచ్చేవాళ్లను ఏ కొట్టువాళ్లూ రానివ్వరు.

మరొక్క చెడ్డ అభిప్రాయం పడితే మా పొయ్యి దానంతటదే శాశ్వతంగా ఆగిపోతుందని గోడమీద హెచ్చరిక వచ్చింది. ఆ రోజే పక్కవీధి సుభాషిణి వచ్చింది. ఆమె కొడుకు తరుణ్ పోయి నెలయింది.

"ఇవాళ మాసికం వదినా. వాడికి మీ మొక్కజొన్న పిజ్జా అంటే ప్రాణం కదా. వాడు కూర్చునే బల్ల దగ్గరే తింటాను."

"ఇవాళ కుదరదని చెప్పవే," అని మా ఆయన గొణిగారు.

"కన్నతల్లిని గుమ్మంలోంచి ఎలా పొమ్మంటానండీ?"

సుభాషిణి ముందుగా ఒక ముక్క కాకి కోసం పిట్టగోడ మీద పెట్టింది. తర్వాత తాను కొరికింది.

"ఎంత బాగుందో వదినా," అంటూనే భోరుమంది.

గోడమీద ఒకే ఒక్క చుక్క వెలిగింది. పొయ్యి ఆరిపోయింది. మా ఆయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నారు.

అప్పుడు బయట కాకి వాలి ముక్కను ముట్టింది.

"తిన్నాడు వదినా, తిన్నాడు!"

దాని మెడకు బిళ్ల లేదు. స్వామీ, ఈ అభిప్రాయం నీ దగ్గరైనా లెక్కలోకి వస్తుందా?