రెండో సూది

సైకిలు పడింది. హ్యాండిలు కొస ఆరేళ్ల చిన్నతల్లి పొట్టలో గుచ్చుకుంది.

పైకి గాయం లేదు. కాస్త కమిలింది, అంతే.

తల్లి నీలవేణి నెల్లిమర్ల నుంచి జట్కాలో విజయనగరం ఆసుపత్రికి తెచ్చింది.

రక్తం పరీక్ష చేసే జ్ఞానానందం వచ్చాడు. రబ్బరు గొట్టానికి బదులు జేబులోంచి ఎర్ర రిబ్బను తీసి పాప చేతికి కట్టాడు. పాప ఏడవలేదు.

గంటకు తిరిగొచ్చాడు. "బాగానే ఉందమ్మా."

"బతికించినావు బాబూ. ఎల్లొస్తాం."

"ఎళ్లకండి. సాయంత్రం మళ్లీ తియ్యాల."

"బాగుందన్నావు కదేటి?"

"కడుపులో గంజిని అరిగించే క్లోమం నలిగితే వెంటనే తెలీదమ్మా. కొన్ని గంటలు పడతాది. అప్పటిదాకా గంజి కూడా పట్టొద్దు."

సాయంత్రానికి పాప లేచి కూర్చుంది. ఆకలంది.

నీలవేణి పాపను ఎత్తుకుని జట్కా ఎక్కేసింది.

"బేగి కూకో అమ్మా, గుర్రానికీ ఆకలేస్తంది" అన్నాడు జట్కావాడు.

జ్ఞానానందం పరుగున వచ్చి కళ్లెం పట్టుకున్నాడు.

"ఒక్క సూదమ్మా!"

"ఏటి, మా పిల్ల ఒంట్లో సుక్క మిగల్నివ్వవా? పోయిన నెత్తురు మళ్లీ వస్తాదేటి? నువ్వు పిల్లల్ని కన్నోడివైతే తెలిసీది!"

అతను ఒక్క క్షణం తల దించుకున్నాడు. కళ్లెం మాత్రం వదల్లేదు.

"తిట్టమ్మా. తిడతానే పాప సెయ్యి ఇటు పెట్టు."

జట్కాలోనే రక్తం తీశాడు. విప్పిన రిబ్బను పాప గుప్పిట్లోనే ఉండిపోయింది.

కళ్లెం చెట్టుకి కట్టేసి లోపలికి పోయి, గంట తరవాత రెండు గాజు గొట్టాలతో వచ్చాడు.

"ఇది పొద్దుటిది. పాప నెత్తురు కలిపిన గంజినీళ్లలో అయోడిన్ వేస్తే నీలమైంది. ఇది ఇప్పటిది. నీలం లేదు. క్లోమం రసం నెత్తుట్లోకి వచ్చేసి గంజిని తినేసింది. విశాఖపట్నం తీసుకెళ్లాల. ఇప్పుడే!"

ఆపరేషను అయింది. చిన్నతల్లి బతికింది.

రెండు నెలలకు నీలవేణి ఉతికి మడిచిన రిబ్బనుతో ఆసుపత్రికి వచ్చింది.

"జ్ఞానానందంగారు ఉద్యోగం మానేసి ఎళ్లిపోయారమ్మా. ఎక్కడికో ఎవరికీ సెప్పలేదు" అంది నర్సు ఎలీసమ్మ.

"అయ్యో! ఇదిచ్చి, కాళ్లట్టుకుందారని వచ్చినాను. ఆ రోజు నోరు జారినాను."

ఎలీసమ్మ రిబ్బను అందుకుని వేలికి చుట్టుకుంది.

"ఆయన కూతురు కాంతం జడదమ్మా ఇది. పోయినేడు ఆ పిల్ల గోడ మీంచి జారి, పొట్ట రాయికి తగిలేలా పడింది. మొదటి పరీక్ష ఆయనే చేసి, నీలం సూసి, బాగుందని ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయారు."