నలభై ఒకటో పేరు

కీబోర్డు మీద వేలు పెట్టగానే అతుక్కుంది. చాదస్తంగారికి ఒళ్ళు జలదరించింది.

"ఛీ ఛీ! మనిషి కూర్చునే చోటేనా ఇది?"

మేనేజరుగారి బావమరిది కూర్చునే చోటు అది. అక్షరాల సందుల్లో బిస్కెట్ పొడి. మౌసు నిండా జిడ్డు. పక్కన కప్పులో ఎన్నాళ్ళదో కాఫీ, దాని మీద బూజు. చాదస్తంగారు రుమాలుతో కీబోర్డంతా తుడిచారు. ఆ రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకోబుద్ధి కాక చెత్తబుట్టలో పడేశారు.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. పందొమ్మిదేళ్ళుగా అక్కడి కంప్యూటర్లన్నీ ఆయనే చూస్తున్నారు. ఎవరైనా తెరిచిన ఫైలు మూయకుండా వదిలేస్తే ఆ పూట ఆయనకి అన్నం సహించదు. అందుకే చాదస్తం.

మిక్సీలకీ, ఫ్యాన్లకీ, గీజర్లకీ వాడుక పుస్తకాలు రాసే ఆఫీసు అది. పదిరోజుల క్రితం యజమానికి ఒక ఆకాశరామన్న ఉత్తరం అందింది. కాగితం మీద కాదు, పెన్‌డ్రైవులో టెక్స్ట్ ఫైలుగా. గీజరు పుస్తకంలో షాకు కొట్టే ప్రమాదం గురించిన పేజీని మేనేజరు పీకేయించాడని అందులో ఉంది. యజమాని మేనేజరుని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి, ఆ ఫైలు చేతికిచ్చాడు. మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. రాసిందెవరో పట్టుకోమని బావమరిదిని పురమాయించాడు.

బావమరిది కంప్యూటరుకి ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాశాడు. అది ఆ ఉత్తరాన్ని చదువుతుంది. తర్వాత ఒక్కో ఉద్యోగి రాసిన ఫైళ్ళు చదువుతుంది. మాటల తీరు ఎంత శాతం కలిసిందో పేరుతో సహా ఫలితాల ఫైల్లో రాస్తుంది. ఉద్యోగులు నలభై ఒక్కరు. ఫలితాల ఫైలు తెరిస్తే ఒకే ఒక్క వరస ఉంది. ప్రూఫులు దిద్దే అమ్మాయి పేరు, యాభై ఎనిమిది శాతం.

"సగానికి పైన కలిసింది! దొరికింది దొంగ!" అని మేనేజరు బల్ల గుద్దాడు.

సాయంత్రం ఐదింటికి ఆమెని ఇంటికి పంపేస్తారు. రేపు యజమాని అడిగితే చూపించడానికి, స్క్రిప్టు సరిగ్గానే ఉందని తెలిసినవాడి సంతకం ఒకటి కావాలి. ఆ పని చాదస్తంగారి నెత్తిన పడింది.

తలుపు దగ్గర అలికిడైంది. ప్రూఫుల అమ్మాయి. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అన్నయ్యగారూ, ఆ ఉత్తరం నేను రాయలేదు. మీరైనా నమ్ముతారా?"

"నమ్మడమేంటమ్మా, నాకు తెలుసు. నువ్వు రాయలేదు."

"ఈ ఉద్యోగం పోతే చెల్లి చదువు మానెయ్యాలి. ఆఖరి ఏడాది దానికి."

"ఊరుకో. నేనున్నాగా. వెళ్ళి మొహం కడుక్కో."

ఆమె వెళ్ళాక స్క్రిప్టు తెరిచారు. ముప్ఫై వరసలు కూడా లేవు, అంతా రోత. ఎక్కడెక్కడి ముక్కలో ఏరుకొచ్చి అతికించాడు. ఒకదానికి ఎక్స్ అని పేరు, ఇంకోదానికి ఎక్స్ ఎక్స్, మూడోదానికి బావ! తెరిచిన ఫైలు ఒక్కటీ మూసిన పాపాన పోలేదు.

పందొమ్మిదో వరస దగ్గర ఆగిపోయారు.

"ఓరి దరిద్రుడా!"

ఫలితాల ఫైలుని డబ్ల్యూ అక్షరంతో తెరిచాడు. అలా తెరిస్తే అంతకుముందు రాసిందంతా చెరిగిపోతుంది. ఒక్కో ఉద్యోగికీ ఒక్కోసారి తెరిచాడు కాబట్టి నలభై సార్లూ రాసింది రాసినట్టే తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది నలభై ఒకటో పేరు. ఉద్యోగంలో అందరికన్నా చివర చేరినందుకు ఆ పిల్ల దొంగైంది.

విసవిసా మేనేజరు గదిలోకి వెళ్ళారు. బావమరిది అక్కడే ఉన్నాడు, నోటి నిండా బిస్కెట్లతో.

"డబ్ల్యూ పెట్టావు. ‘ఏ’ పెట్టాలి. ‘ఏ’ పెడితే పాతది చెరగకుండా కింద చేరుస్తుంది. ఆ మాత్రం తెలీదా?"

"ఒక్క అక్షరమే కదా సార్. దానికింత రాద్ధాంతమా?"

"ఆ ఒక్క అక్షరానికి ఒక ఆడపిల్ల రోడ్డున పడుతోంది! సిగ్గుండాలి!"

మేనేజరు గడియారం చూశాడు. పావుతక్కువ ఐదు.

"అరవకండి. తప్పుంటే దిద్దండి. మా వాడు నా కళ్ళముందు మళ్ళీ నడిపిస్తాడు, ఏం వస్తుందో నేనే చూస్తాను. తప్పు లేదంటే సంతకం పెట్టి పంపండి. ఏదైనా పది నిమిషాల్లో తేలిపోవాలి."

చాదస్తంగారు పళ్ళు నూరుకుంటూ వెనక్కొచ్చారు. ఏం వస్తుందో చూస్తాడట! ఈ అడ్డగోలు స్క్రిప్టు ఎవరినైనా పట్టుకోగలదా? ఇక్కడ అందరూ రాసేది ఒకటే కదా. ప్లగ్గు తీయండి, తడిచేత్తో ముట్టుకోకండి, పిల్లలకి అందనివ్వకండి. అందరికీ యాభైలూ అరవైలే వస్తాయి. నవ్వులపాలయ్యేది బావా బావమరుదులే. ఆ పిల్ల రేపు తలెత్తుకుని ఆఫీసుకొస్తుంది.

డబ్ల్యూ తీసేశారు. ‘ఏ’ పెట్టారు. పాత ఫలితాన్ని చెరిపేసి, జిగటగా ఉన్న ఎంటర్ మీటని చిటికెనవేలితో నొక్కి, ఫలితాల ఫైలు తెరిచారు.

యాభై రెండు. అరవై ఒకటి. యాభై ఐదు. యాభై తొమ్మిది.

ఏడో వరసలో తొంభై మూడు శాతంతో తన పేరే కనిపించగానే చాదస్తంగారు ‘ఏ’ తీసేసి, మళ్ళీ డబ్ల్యూ పెట్టి నడిపించి, "స్క్రిప్టులో తప్పేమీ లేదు" అని రాసి సంతకం పెట్టారు.