నీళ్ల బండి మరిచిన పేర్లు

ఊళ్లో ప్రతి మేడకూ ఉన్నట్టే మా మేడ మీది ఉమ్మడి తోటకూ తనంతట తానే నీళ్లు పోస్తూ మాట్లాడే మరబండి ఉంది. పిడుగు పడి దాని జ్ఞాపకమంతా చెరిగిన రోజున, మా ఆవిడ హైమవతి మొక్కలకు పెట్టిన పేర్లన్నీ పోయాయి. ఆమె పోయి అప్పటికి నాలుగు నెలలు. ఒక్కో మొక్కకు ఇరుగుపొరుగులో ఒక్కొక్కరి పేరు పెట్టి బండికి నేర్పింది ఆమే.

ఆ పేర్లు మళ్లీ నేర్పడానికి ఆదివారం అందరూ పైకి వచ్చారు.

"గోంగూర నేనే. పుల్లవిరుపు మాటలంటూ పెట్టారు వదినగారు," అంది కామేశ్వరి.

"మరి పచ్చిమిర్చి ఎవరో?" అన్నాడు సత్తిరాజు.

"ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడగండి, చెబుతుంది," అంది కామేశ్వరి.

బండి బుద్ధిగా విని, "కామేశ్వరి గారికి రెండు చెంబులు పోశాను," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చివరికి కాకర పాదు మిగిలింది. అది తనదని ఎవరూ ఒప్పుకోలేదు.

"మాస్టారూ, ఇదెవరో మీకు తెలుసా?" అని సత్తిరాజు నన్నడిగాడు.

తెలుసు. హైమవతి నన్ను పిలిచే పిలుపునే దానికి పెట్టింది. రోజూ పొద్దున్నే బండి, "ఏమండీకి నీళ్లు పోశాను," అని చెబితే ఆమె నవ్వేది.

"రేపు చెబుతాను," అన్నాను.

వారమైంది. దానికి చెంబుతో నేనే నీళ్లు పోస్తున్నాను. కాకర పాదు పేరు బండికి ఇంకా చెప్పలేదు.