కర్ర దిగిన చోటు

గుర్రప్పందాల మీద బెట్లు కొని, అమ్మి బతికేవాణ్ణి. నేల గడ్డకడితే రేసులు రద్దు. అందుకే చలికాలమంతా పొద్దున్నే పెరట్లో గులాబీ మొక్క పక్కన కర్ర గుచ్చి చూసుకుంటాను.

“హిలరీ! కర్ర పుడ్డింగులో దిగినట్టు దిగింది. ఇవాళ రేసులు ఖాయం!”

“లేకపోతేనో, సెడ్రిక్?” అంది మా ఆవిడ.

“మీ అమ్మ దగ్గరికొస్తా. రాత్రి భోంచేసేదాకా నోరెత్తను.”

“మాట మీదుండాలి మరి.”

“నా కర్ర ఏనాడైనా తప్పిందా? ముందు టీ పొయ్యి.”

“కాచిన నీళ్లన్నీ అయిపోయాయి, కెటిల్ ఖాళీ. మళ్లీ కాచాలి.”

అంతలో టీవీలో చెప్పేశాడు. మా యార్క్‌షైర్ అంతా నేల రాయిలా బిగుసుకుపోయిందట, రేసులు రద్దట.

పెరట్లోకి పరిగెత్తాను. ఎక్కడ గుచ్చినా కర్ర దిగదే! గులాబీ పక్కన మాత్రం ఇంకా ఆవిరి లేస్తోంది.

పొద్దున దాన్ని పొగమంచనుకున్నాను.