పగలని సంఖ్య

"పదమూడు, అరవై ఎనిమిది, తొంభై ఒకటి! ఏ ఊళ్లె ఎన్ని తుపాకులు దాసిన్రురా?" పోలీసు అమీను కాగితాన్ని ఐలేశం మొహమ్మీద ఆడించాడు.

"తుపాకులు గావు సర్కార్. అదంత ఒక్కటే సంఖ్య. లక్షా ముప్పై ఆరు వేల ఎనిమిది వందల తొంభై ఒకటి."

"దేని లెక్క?"

"దేంది కాదు. పగలని సంఖ్య. ఒకటితోని, దానితోని తప్ప దేనితోని భాగించినా పోదు, శేషం మిగుల్తది. గసొంటియి ఎతుకుడు నాకు పిచ్చి."

క్యాంపులో జవాన్లు నవ్వారు. కట్టంగూరు బడిపంతులు ఐలేశానికి నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాలం బాగాలేకపోతే తాడే పామై కరుస్తుంది. పోలీసు చర్య జరిగి ఏడాదైంది, నిజాం రాజ్యం పోయింది, అయినా జేబులో అంకెల కాగితం దొరికితే చాలు, దళం మనిషే! దళం మనిషని తేలినవాణ్ణి గుట్ట వెనక్కి తీసుకుపోయేవారు. తిరిగొచ్చినవాడు లేడు.

"మున్షీ! భాగించి సూడు. దేనితోనన్న పోయిందా, వీడు గుట్టెనకకే."

క్యాంపు లెక్కలు రాసే మున్షీ బాలయ్య పలక పట్టుకుని వచ్చాడు. బాలయ్య తమ్ముణ్ణి పోయిన కార్తీకంలో దళంవాళ్లే కాల్చి చంపారు.

"ఎందాంక భాగించాలె?" బాలయ్య తలెత్తకుండా అడిగాడు.

"మూడొందల డెబ్బై దాంక జాలు," ఐలేశమే చెప్పాడు. "దాన్ని దానితోనే గుణిస్తే గీ సంఖ్య దాటుతది. అంతకన్న పెద్దదానితోని పోయేదుంటే, దాని జోడు గీ లోపల్నే దొరకాలె."

బాలయ్య పలక ముందేసుకున్నాడు. ఏడుతో ఆరు మిగిలింది. పదకొండుతో ఏడు మిగిలింది. పదమూడుతో ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. ఐలేశం ఇదివరకే మూడుసార్లు సరిచూసుకున్నాడు, నిజమే. కానీ పిల్లల గోల మధ్య చేసిన భాగహారాలాయె! ఎక్కడైనా ఒక్క అంకె జారి ఉంటే?

గేటు దగ్గర అతని భార్య ఈదమ్మ, ఏడో నెల కడుపుతో, వచ్చేపోయే వాళ్లకల్లా దండం పెడుతోంది. "నా పెనిమిటికి అంకెలు తప్ప ఏం తెల్వదు సారూ!"

పొద్దు వాలింది. బాలయ్య పలక తుడిచి లేచాడు.

"దేనితోని పోలే సాబ్. పంతులు మాట నిజమే."

"మంచిగ జూసినవా?"

"సచ్చిన నా తమ్ముని మీద ఒట్టు."

అమీను ఇంకేం అడుగుతాడు? తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు దళం మనిషిని కాపాడతాడా? కాగితం విసిరేసి పొమ్మన్నాడు.

గేటు దాకా వచ్చిన బాలయ్య చేతులు పట్టుకుని ఐలేశం ఏడ్చేశాడు. "నా సంఖ్యే నన్ను బతికిచ్చింది బాలయ్యా. అంకెలు అబద్ధమాడయి."

బాలయ్య చేతులు విడిపించుకున్నాడు. ఈదమ్మ కేసి ఒకసారి చూసి, జవాన్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మూడొందల అరవై ఏడుతోని పోయింది పంతులూ."