ఏడో ముఖం

ప్రార్థన మందిరం పెద్దకు ఏడుగురు మహాత్ముల బొమ్మలు కావాలి. ఒక్కో బొమ్మ కింద నమ్మకం గురించి ఒక్కో వాక్యం కూడా కావాలి. ఊళ్లో చేత్తో బొమ్మలు గీసేవాడు ఒక్కడే ఉన్నాడు. అతనికేమో దేవుడంటే నమ్మకం లేదు.

"నీ గీత వంకరపోకుండా ఉంటే చాలు. నమ్మే పని మేం చూసుకుంటాంలే," అన్నాడు పెద్ద.

ఆ మహాత్ములు ఎలా ఉండేవారో ఏ గ్రంథంలోనూ లేదు. చిత్రకారుడు ఎదురుగా మనిషి లేనిదే గీయలేడు. అందుకని బొగ్గు ముక్క పట్టుకుని వీధిన పడ్డాడు. మంగలి మొదటి మహాత్ముడయ్యాడు. పోస్ట్‌మ్యాన్ రెండోవాడు. పళ్ల డాక్టరు, బస్సు కండక్టరు, మరో ఇద్దరు పొరుగువాళ్లు. అందరికీ గడ్డాలు తగిలించేసరికి వాళ్ల పెళ్లాలు కూడా గుర్తుపట్టలేదు.

ఏడో ఆయన దగ్గరికి వచ్చేసరికి మనుషులూ అయిపోయారు, గడువూ అయిపోయింది. ఇంట్లో అద్దం తీసి ముందు పెట్టుకుని తన ముఖమే గీసేశాడు. అలవాటు కొద్దీ కనుబొమ్మ మీది గాటు కూడా దించేశాడు. పైన బారెడు గడ్డం పెట్టాడు. ఎవరు కనిపెట్టొచ్చార్లే అనుకున్నాడు.

బొమ్మలు గోడకెక్కగానే సరిగ్గా ఆ ఏడో ఆయన ముందే అతని అత్తగారు తిష్ఠ వేసింది.

ఆవిడ దర్జీ. నలభై ఏళ్లు మనుషుల్ని అద్దం ముందు నిలబెట్టి కొలతలు సరిచూసింది. అల్లుడితో మాత్రం తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. దేవుణ్ణి నమ్మనివాడు పిల్లనిమ్మని వచ్చినరోజు ఆవిడ తలుపు ధడాలున వేసింది. అతను పక్కకు తప్పుకునేలోపే కనుబొమ్మ చిట్లి మూడు కుట్లు పడ్డాయి. పెళ్లి ఆగలేదు గానీ ఆవిడ పంతమూ తగ్గలేదు. ఎదురుపడ్డ ప్రతిసారీ అతను "బాగున్నారా అత్తయ్యా?" అంటాడు. ఆవిడ గోడ గడియారం వంక చూస్తుంది. ఎప్పటికైనా ఒక్కసారి "ఆఁ, బాగున్నాను" అంటే చాలని అతని ఆశ.

"అమ్మ రోజూ నీ బొమ్మకు దండం పెడుతోందా?" భార్య నోరు నొక్కుకుంది. "తెలిసిందంటే నిన్నే కాదు, నన్నూ గడప తొక్కనివ్వదు."

"నేనేమైనా పెట్టమన్నానా?"

బొమ్మల పని అయింది. వాక్యాలు చెక్క పలకల మీద రాసి బిగించే పని మిగిలింది. దుమ్ము పడకుండా మందిరంలోనే ఓ మూల తెర కట్టుకుని రాస్తున్నాడు. అత్తగారికి గుసగుసలు చేతకావు. కుట్టుమిషన్ల చప్పుడుకు అలవాటుపడ్డ గొంతు.

"మహానుభావా! మా పిల్ల మొగుడు ఈ చలిలో మెడకు గుడ్డ ముక్కైనా లేకుండా తిరుగుతాడు. రాత్రంతా దగ్గుతాడట. కాస్త బుద్ధి చెప్పు."

తెర వెనక కుంచె ఆగింది. మర్నాడు అతను మఫ్లర్ చుట్టుకున్నాడు.

"మూడు వారాలుగా వాళ్లింట్లో కుళాయి కారుతోందట. పట్టించుకునే నాథుడు లేడు."

ఆ సాయంత్రమే కుళాయి బాగుపడింది.

"ఆ జుట్టేమిటి, పిచ్చుక గూడులాగా!"

మొదటి మహాత్ముడు ఆ పూటే కత్తెర ఆడించాడు.

అడిగిన మర్నాటికల్లా జరిగిపోతోందని ఆవిడ వీధంతా చాటింది. ఏడో ఆయన ముందు బెంచీలు చాలడం లేదు. మందిరం పెద్ద పొంగిపోయాడు. చిత్రకారుడికి మొదట్లో నవ్వొచ్చింది. రానురాను సిగ్గేసింది. పెద్దావిడ నమ్మకంతో ఆటలాడుతున్నానని తిండి సయించలేదు.

ఆరు వాక్యాలు ఎలాగో పూర్తయ్యాయి. ఏడోది ఎంతకీ తెగలేదు. చివరికి తనకు తెలిసిన ఒకే ఒక్క సంగతి రాశాడు: "జవాబు రాకపోయినా పలకరించడం మానకపోవడమే నమ్మకం." పలక బిగించి తెర వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

అత్తగారు వచ్చింది. కళ్లజోడు సవరించుకుని ఆ వాక్యం చదివింది. మళ్లీ చదివింది.

"మహానుభావా," అంది చివరికి. ఆ గొంతు తగ్గడం అతను మొదటిసారి విన్నాడు. "తొమ్మిదేళ్లు పంతం పట్టాను. ఇక ఆ మనిషితో మాట్లాడనా, వద్దా? రేపటికి ఏదో ఒక గుర్తు చూపించు. నువ్వెలా అంటే అలాగే."

గుర్తు చూపించడం ఎంతపని? బొమ్మ ముందు ఓ పువ్వు పెడితే సరిపోతుంది. తొమ్మిదేళ్ల ఆశ తీరిపోతుంది. కానీ మఫ్లరూ కుళాయీ వేరు, ఇది వేరు. మోసం చేసి తెచ్చుకున్న మాట ఎన్నాళ్లు మాట్లాడినా మోసమే. నిజం చెబితే ఆవిడ ఈ జన్మలో పలకదు. బొమ్మలన్నీ గోడ దిగుతాయి. దిగితే దిగనీ అనుకుని తెర తొలగించుకుని బయటికొచ్చాడు.

"బాగున్నారా అత్తయ్యా?" అన్నాడు అలవాటుగా. చేతులు మఫ్లర్ విప్పి నలిపేస్తున్నాయి. "అది కాదు... ఆ ఏడో ఆయన ఉన్నాడే... ఆ ముఖం..."

ఆవిడ గడియారం వంక చూడలేదు. లేచి వచ్చి, అతని చేతిలోని మఫ్లర్ లాక్కుని మెడకు చుట్టి గట్టిగా ముడి వేసింది.

"బాగానే ఉన్నాను గానీ, బొమ్మ పెట్టిన మొదటిరోజు నుంచీ అడగాలనుకుంటున్నాను అల్లుడూ, నేను వేసిన తలుపు తగిలింది నీ ఎడమ కనుబొమ్మకైతే, అద్దంలో ఉన్నది ఉన్నట్టు దించేసి ఆ గాటు కుడివైపు పెట్టావేమిటి?"