బటన్ తగాదా

“మీ సైటు చూస్తే దుకాణంలా లేదు, యూనిఫాం వేసి నిలబెట్టిన బడిపిల్లల వరుసలా ఉంది,” అంది రంగులమ్మ.

“మీ సైటు పెళ్లికూతురే, కాదనను. కాకపోతే రోజూ మీరొచ్చి ముస్తాబు చేయకపోతే గడప దాటదు,” అన్నాడు ఇటుకలాయన.

యజమాని ఇద్దరి మధ్యా కూర్చుని వింటున్నాడు. ఒకప్పుడు బట్టలు అమ్మిన మనిషి. ఇప్పుడు దుకాణాలకు వెబ్‌సైట్లు చేయించి ఇస్తున్నాడు. సరుకు మారింది గానీ లెక్క మారలేదు. ఒకే పనికి రెండు పద్ధతుల్ని పోషించడం ఆయన దృష్టిలో శుద్ధ నష్టం. అందుకే నిన్న ఇద్దరికీ కబురు పెట్టాడు, ఈ సాయంత్రానికి ఒక్కరే మిగులుతారని.

ఆ పేర్లు ఆఫీసులో పెట్టినవే. ఇటుకలాయన కోడు రాస్తాడు. బటన్, ధర చీటీ, బుట్ట, ఏదైనా సరే ఒక్కసారే ముక్కగా చేసిపెట్టుకుని, ప్రతి పేజీలోనూ ఆ ముక్కల్నే ఇటుకల్లా పేరుస్తాడు. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే. రంగులమ్మ డిజైనరు. ఏ పేజీ రంగు, అక్షరం, ఖాళీ ఆ పేజీకే విడిగా కుదర్చాలంటుంది.

“నేను కదలను సార్. నా ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోంది,” అంది రంగులమ్మ.

“నా ఇల్లేమైనా గాలి మీద నడుస్తోందా? నేనూ కదలను,” అన్నాడు ఇటుకలాయన.

“నోళ్లు కాదు, చేతులు ఆడించండి,” అన్నాడు యజమాని. “చెప్పుల కొట్టువాళ్లు ‘కొనండి’ బటన్ పెద్దది చేయమన్నారు. ముసలివాళ్లకు ఆనడం లేదట. సైటు నకలు చెరొకటి తీసుకుని, మీ పద్ధతిలో చేసి చూపించండి.”

ఇటుకలాయన ఒక్క చోట మార్చాడు. సైటంతా బటన్లు ఒక్కసారిగా పెరిగాయి. యజమాని కళ్లు మెరిశాయి.

“పసిపిల్లల బూట్ల పేజీ తెరవండి సార్,” అంది రంగులమ్మ.

తెరిచాడు. అక్కడ బూట్ల బొమ్మలు చిన్నవి. ఉబ్బిన బటన్ వెళ్లి బూటు మీదే కూర్చుంది.

“బూటు దాచేసి బటన్ అమ్ముతారా?” అందామె.

ఇటుకలాయన ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత ఆమె పేజీ పేజీకీ వెళ్లి, ఓపిగ్గా దిద్దింది. చాలాసేపు పట్టింది గానీ ఏ పేజీ చూసినా ముచ్చటగా ఉంది. యజమాని తల ఊపాడు.

“డబ్బు కట్టే పేజీ కూడా చూడండి సార్,” అన్నాడు ఇటుకలాయన.

అక్కడ బటన్ పాతదే, చిన్నదే.

“మేడమ్‌గారు అటు వెళ్లడం మరిచారు. పాపం తాత బూట్లు ఎంచుకుని, గల్లాపెట్టె ఎక్కడుందో తెలీక తిరిగి వెళ్లిపోతాడు.”

“మనిషన్నాక మరిచిపోతుంది.”

“అందుకే ముక్కలు చేసుకునేది.”

“ముక్కలకు కళ్లుండవు. అందుకే నేను ఉండేది!”

యజమాని చెయ్యెత్తి ఆపాడు. మనసులో తూకం వేస్తున్నాడు. ఈవిణ్ణి పంపేస్తే బూటు కనపడడం లేదని చెప్పేదెవరు? ఇతణ్ణి పంపేస్తే మరిచిన బటన్ పట్టేదెవరు? కొట్టుకు వచ్చినవాడు పట్టుకుంటాడు. పట్టినవాడు మళ్లీ గుమ్మం ఎక్కడు. ఒక జీతం మిగులుతుంది, బేరాలు పోతాయి.

“ఎవరూ పోనక్కర్లేదు,” అన్నాడు చివరికి. “ఒకరి తప్పు ఒకరు పట్టడానికే పుట్టారు మీరు. మీ కక్షే నాకు లాభం. ముక్కలు నువ్వు చెయ్యి బాబూ. ఏ ముక్క ఎక్కడ ఎలా కనపడాలో అమ్మాయి చెబుతుంది. రేపటినుంచి బల్లలు పక్కపక్కనే.”

“ఈయన పక్కనా?”

“ఈవిడ పక్కనా?”

“జీతం కావాలా, వద్దా?”

మనుషుల్ని చదవడంలో తన తర్వాతే ఎవరైనా అనుకుంటూ యజమాని హుషారుగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. గదిలో ఇద్దరే మిగిలారు. రంగులమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది.

“నిన్న రిహార్సల్‌లో ఇంకా బాగా తిట్టావు కదరా!”